బాపు బండికి నేను పోసిన నూనె

పత్తి తూచే స్ప్రింగు కాటా కొక్కేన్ని బండి క్లచ్ లివరు చివర తగిలించి, లివరు హ్యాండిల్‌కు ఆనేదాకా లాగాను. ముల్లు తొమ్మిది కిలోల దగ్గర ఆగింది. తర్వాత అదే కాటాను గుమ్మం పక్కన మేకుకు వేలాడదీసి, బాపును ఎడమచేతి నాలుగు వేళ్ళతో లాగమన్నాను. ముల్లు ఆరు దాటలేదు. రెండోసారి ఐదు దగ్గరే ఆగిపోయింది. మూడు అంకెలనూ నోటుబుక్కులో రాసుకున్నాను.

"ఏందిరా, నన్ను గూడ తూకమేస్తానవా? పత్తి కంటె తక్కువనే ఉన్నట్టున్న," అన్నాడు బాపు చెయ్యి విదిలించుకుంటూ.

నేను నవ్వలేదు. కొలత తీసేటప్పుడు నాకు నవ్వు రాదు.

మాది కేసముద్రం. బాపు పశువుల దవాఖానలో సహాయకుడు. డాక్టరు కాదు. కానీ గూడూరు వైపు అడవి అంచున ఉన్న తండాలలో ఆయన్ను అందరూ డాక్టర్ సాబ్ అనే పిలుస్తారు. టీకాలు వేయడం, ఎదకొచ్చిన బర్రెలకు సూది వేయడం, అడ్డం తిరిగిన దూడను లోపలే సరిచేసి బయటికి తీయడం ఆయన పని. ఈ చివరి పనిలో ఆయన చేతికి మంచి పేరుంది. ముప్ఫై ఏళ్ళుగా ఒకే బండి మీద తిరుగుతున్నాడు. పాత మూడు వందల యాభై సీసీ బండి. దాని చప్పుడు కిలోమీటరు దూరం నుంచే వినిపిస్తుంది. అది వినగానే తండావాళ్ళు పశువును కొట్టంలో కట్టేసి, వేడినీళ్ళు పొయ్యి మీద పెట్టేవాళ్ళు. స్కూటీ కొనుక్కొమ్మని నేను రెండుసార్లు చెప్పాను. "గా చప్పుడు లేని బండి మీద పోతె నేనొచ్చినట్టు ఎవరికి ఎరుకైతది? ఆ చిన్న చక్రాలు బురదల దిగితె నన్నెవరు లేపాలె?" అన్నాడు.

పోయిన ఏడు ఎండాకాలంలో ఒక బర్రె ఆయన్ను కట్టుగుంజకేసి అదిమింది. ఎడమ మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ పట్టు తిరిగి రాలేదు. ఆ బండి క్లచ్ గట్టిది. గూడూరు రోడ్డెక్కితే పది కిలోమీటర్లకోసారి చెట్టు నీడన ఆపి చెయ్యి పిసుక్కునేవాడు. ఒక రోజు పై అధికారి పిలిచి, "చెయ్యి రాకపోతె దవాఖానల రిజిస్టరు కాడ కూసో. తండాలకు వేరే మనిషిని పంపుతం," అన్నాడట. చెడ్డ మాటేం కాదు. మంచికే అన్నాడు. ఆ రాత్రి బాపు అన్నం సగం వదిలేశాడని అమ్మ నాకు ఫోన్‌లో చెప్పింది.

నేను జనగామలో మెకానికల్ డిప్లొమా చదివి, భూపాలపల్లిలో గని యంత్రాలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో పని చేస్తున్నాను. నాది హైడ్రాలిక్స్ విభాగం. లారీ అంత యంత్రాన్ని వేలి మందం పైపులో నూనె ఎలా ఎత్తి నిలబెడుతుందో రోజూ చూస్తుంటాను. అటువంటి నాకు మా బాపు నాలుగు వేళ్ళకు నాలుగు కిలోల బరువు తగ్గించడం పెద్ద పని కాదనిపించింది. మామూలు క్లచ్‌లో లివరు లాగితే ఒక తీగ ఇంజిన్ దాకా పోయి అక్కడి ఆర్మ్‌ను లాగుతుంది. ఆ తీగ స్థానంలో నూనె పెడితే చాలు. లివరు దగ్గర ఒక చిన్న సిలిండరు, ఇంజిన్ దగ్గర దానికంటే కాస్త పెద్దది, రెంటికీ మధ్య పైపు. ఇక్కడ కొంచెం నొక్కితే అక్కడ ఎక్కువ బలంతో తోస్తుంది. రాపిడి లేదు, తీగ తెగిపోవడం లేదు.

నోటుబుక్కులో రెండు పేజీల జాబితా రాశాను. కావలసినవి పదకొండు, తీసేయవలసినవి నాలుగు. లివరు దగ్గరి సిలిండరు జనగామలో పాత ఇనుప సామాను దుకాణంలో దొరికింది. ఏదో ప్రమాదంలో నుజ్జయిన బండి ముందు బ్రేకుది. మట్టి పట్టి ఉంటే పాత టూత్‌బ్రష్‌తో తోమాను. మూత మీద ఉబ్బెత్తు అక్షరాలలో, ఇందులో ఫలానా రకం బ్రేకు నూనె మాత్రమే పోయాలని ఉంది. దాన్ని నేను చదివాను. చదవలేదని చెప్పుకోగలిగితే ఈ కథ నాకు కొంచెం తేలికగా ఉండేది. ఇంజిన్ దగ్గరి సిలిండరును నేనే గీసి భూపాలపల్లిలో ఒక లేత్ మిషన్ మీద తిప్పించాను.

బిగించడానికి బెంచీ, వస్తువును కదలకుండా పట్టే వైసు కావాలి. కేసముద్రం మార్కెట్ యార్డు గేటు ఎదురుగా ఉన్న మెకానిక్ దుకాణానికి వెళ్ళాను. ఆ దుకాణం యజమానిని నేను చాచా అంటాను, బాపు ఉస్తాద్ అంటాడు. ఇరవై ఏళ్ళుగా మా బండి ఆయన చేతిలోనే ఉంది. నేను తొమ్మిదో తరగతిలో స్పానర్ నంబర్లు నేర్చుకున్నది అక్కడే.

ఆదివారం కావడంతో యార్డులో లారీలు లేవు. పక్కన చాయ్ దుకాణం దగ్గర నలుగురైదుగురు హమాలీలు కూర్చున్నారు. నేను సంచిలోంచి ఒక్కొక్క వస్తువు తీసి బెంచీ మీద గుడ్డ పరిచి వరసగా పెడుతుంటే, చాయ్ పోసే ఆయన అందుకున్నాడు.

"ఇంజినీర్ సాబ్ దుకాణం వెట్టిండు. డాక్టర్ సాబ్ బండి ఇగ గాల్లె లేస్తది."

"లేస్తె మంచిదే కదనే, గూడూరు రోడ్డు మీద గుంతలు తప్పుతయి," అన్నాడొక హమాలీ.

చాచా అన్నీ చూశాడు. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని తిప్పి, తీసిన చోటే పెట్టాడు. "మంచిగున్నయి బేటా. కని ఇంజిన్ కాడ ఆర్మ్‌కు జర పొడుగు వెల్డింగ్ చేస్తె సగం బరువు తగ్గుతది గద. గింత పరేషాన్ ఎందుకు?"

"తీగ రాపిడి అట్లాగే ఉంటుంది చాచా. అంతా ఆర్మ్ పొడుగుతోనే తగ్గించాలంటే లివరు ప్రయాణం చాలదు. క్లచ్ పూర్తిగా విడవదు," అన్నాను. అది నిజమే. అంతవరకు నా లెక్క తప్పు కాదు.

ఆయన తలూపి పనిలోకి దిగాడు. మధ్యాహ్నానికల్లా సిలిండర్లు, పైపు బిగించాం. ఇక నూనె పోయాలి. చాచా లేచి అరలోంచి బ్రేకు నూనె సీసా తెచ్చి, సీలు తీయబోయాడు. నేను నా సంచిలోంచి అర లీటరు సీసా తీశాను. అది మా వర్క్‌షాపులో యంత్రాలకు వాడే హైడ్రాలిక్ నూనె. లేత పసుపు రంగులో, తేనెలాగా శుభ్రంగా ఉంటుంది.

"గిదేంది?"

"హైడ్రాలిక్ ఆయిల్ చాచా. కోట్ల విలువైన మిషన్లలో పోస్తాం."

"మంచి నూనెనే ఉండచ్చు. కని గీ డబ్బ బ్రేకుది గద బేటా. దాని లోపట రబ్బరు కూడ బ్రేకుదే. దానికి అలవాటైన నూనె గిది." ఆయన తన సీసాను బెంచీ మీద నా వైపు జరిపాడు.

నేను దాన్ని వేలితో పక్కకు నెట్టాను. ఆ వేలు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. "అది బ్రేకులకు చాచా. ఇది క్లచ్," అన్నాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుందని, పెయింటు తినేస్తుందని, చిక్కదనం అంటే ఏమిటని, మా వర్క్‌షాపులో ఏ గ్రేడు ఎందుకు వాడతామని, చాయ్ దుకాణం వాళ్ళకు కూడా వినపడేలా వివరించాను. నేను చెప్పినవన్నీ పుస్తకంలో ఉన్నవే. ఒక్క రబ్బరు గురించి మాత్రం చెప్పలేదు. చాచా అన్నది దాని గురించే.

"చాచా, పొల్లగాడు పాఠం చెప్తాండు. చేతులు కట్టుకొని నిలబడు," అన్నాడు చాయ్ పోసే ఆయన. అందరూ నవ్వారు. చాచా కూడా నవ్వి, తన సీసాను తీసుకెళ్ళి అరలో పెట్టేశాడు.

ఇంకో సంగతి ఉంది. అటు గూడూరు రోడ్డు మీద తిరిగే పాత బండ్లకు క్లచ్ వైరు ఒకటి కాదు, రెండు ఉంటాయి. పని చేసే వైరును ఆనుకుని, దాని పొడుగునా రెండోది కట్టి ఉంటుంది. కొసలకు గ్రీజు పూసి, ప్లాస్టిక్ కవరు చుట్టి పెడతారు. మొదటిది తెగితే కొసలు మార్చుకుని పది నిమిషాల్లో కదులుతారు. జోడు వైరు అంటారు దాన్ని. నా జాబితాలో తీసేయవలసినవి నాలుగు అని చెప్పాను కదా. మూడోది ఈ జోడు వైరు, నాలుగోది పాత లివరు. నేను కట్లు కోసి వైరు లాగేస్తుంటే చాచా, "గది ఉండనియ్ బేటా. పాత లివరు గూడ డిక్కీల పడెయ్. ఏమన్న అయితె మళ్ళ వైరు మీద ఇంటికి రావచ్చు," అన్నాడు.

"తీగే లేని క్లచ్‌కు స్పేర్ తీగ ఎందుకు చాచా?" అన్నాను. దానికి కూడా హమాలీలు నవ్వారు. ఈసారి నా పక్షాన నవ్వారు.

కాటా తగిలించి మళ్ళీ కొలిచాను. నాలుగున్నర కిలోలు. నోటుబుక్కులో పాత అంకె పక్కన కొత్తది రాసి గుండ్రంగా చుట్టాను. బాపు వచ్చి లివరు నొక్కాడు, వదిలాడు, మళ్ళీ నొక్కాడు. రెండు వేళ్ళతోనే నొక్కి అందరికీ చూపించాడు. "చూసిన్రా, రెండంటె రెండు వేళ్ళు. నా కొడుకు చేసిండు," అన్నాడు. చాచా చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు. ఆయన పేరు బాపు ఎత్తలేదు, నేనూ గుర్తు చేయలేదు.

ఆ తర్వాత రెండు వారాలు బాపు ఫోన్‌లో మాట్లాడింది ఆ లివరు గురించే. ఏ తండాకు పోయినా ముందు రెండు వేళ్ళు చూపించి, తర్వాత పశువును చూసేవాడట. మూడో వారంలో ఒక సాయంత్రం, "బిడ్డా, లివరు జర మెల్లగ వాపస్ వస్తాంది. మునుపటి లెక్క టక్కున వస్తలేదు," అన్నాడు.

నేను అప్పుడు డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడి ఉన్నాను. "కొత్త రబ్బర్లు కదా బాపూ, సెట్ అవుతాయి," అన్నాను. మెల్లగా రావడం అంటే లోపల ఏదో పట్టేస్తోందని అర్థం. వర్క్‌షాపులో ఏ ఆపరేటరైనా ఆ మాట అంటే యంత్రం ఆపించి విప్పిస్తాను.

అయిదు రోజులకు, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, గూడూరు అవతలి ఒక తండా నుంచి బాపుకు ఫోన్ వచ్చింది. బర్రె ఈనడానికి నొప్పులు పడుతోంది, ఒక కాలు మాత్రమే బయటికి వచ్చింది. బాపు వెంటనే బయల్దేరాడు. మామూలుగా నలభై నిమిషాల దారి. తారు రోడ్డు దిగి ఎర్రమట్టి బాట ఎక్కాక, ఎత్తు దగ్గర బండి లాగడం మానేసింది. ఇంజిన్ అరుస్తోంది, చక్రం తిరగడం లేదు. లివరు సగంలో ఇరుక్కుని వెనక్కి రావడం లేదు. అంటే క్లచ్‌ను ఎవరో ఎప్పుడూ సగం నొక్కి పట్టుకున్నట్టే. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. పశువుల వీర్యం నిలవ ఉంచే నత్రజని డబ్బా బండికే కట్టి ఉంది. అది దవాఖానది, అడవిలో వదిలి పోలేడు. జోడు వైరు, పాత లివరు ఉంటే పది నిమిషాల పని. రెండూ మా ఇంటి అటక మీద నేను చక్కగా కట్టిపెట్టిన మూటలో ఉన్నాయి. బాపు ఆ బండిని నాలుగు కిలోమీటర్లు బురదలో తోసుకుంటూ పోయాడు. చేరేసరికి రెండున్నర గంటలైంది. దూడ చచ్చిపోయింది. బర్రె మాత్రం బతికింది.

ఇదంతా ఆయన ఆ సాయంత్రం సిగ్నల్ దగ్గరికొచ్చి చెప్పాడు. చివర, "ఏమైందంటవురా బండికి?" అని అడిగాడు. కోపంగా కాదు. తెలిసినవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. లివరు వెనక్కి రాలేదంటే లోపలి రబ్బరు ఉబ్బింది. రబ్బరు ఉబ్బిందంటే దానికి పడని నూనె పోశారు. మూత మీది అక్షరాలు కళ్ళ ముందు కనిపించాయి. అయినా నా నోటి నుంచి వచ్చింది వేరే మాట. "చాచా బోల్టు సరిగ్గా బిగించి ఉండడు బాపూ. లీక్ అయి ఉంటది. ఒకసారి చూపించు."

అంత త్వరగా, అంత సాఫీగా నేను అంతకుముందు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

మర్నాడు బాపు బండిని ట్రాక్టర్ ట్రాలీలో వేసుకుని కేసముద్రం తెచ్చాడు. చాచా దుకాణం ముందు దించి, యార్డంతా వినపడేలా ఆయన్ను తిట్టాడు. మా బాపు గొంతెత్తే మనిషి కాదు. "ఇరువై ఏండ్ల సంది నీ చేతుల వెడితె ఒక్క బోల్టు బిగించ చాతకాలేదా ఉస్తాద్? నీ వల్ల ఒక జీవి పోయింది," అన్నాడట. చాచా సిలిండరు విప్పి, పక్కన పెట్టి, మా ఇంటి నుంచి పాత వైరు, లివరు తెప్పించి మళ్ళీ బిగించి ఇచ్చాడట. బాపు ఆ రోజు నుంచి ఆ దుకాణం వైపు పోవడం మానేశాడు. డాక్టర్ సాబ్ బండే ఆగిపోయిందట అన్న మాట మార్కెట్‌లో తిరిగింది. ఒకరిద్దరు ట్రాక్టర్ వాళ్ళు కూడా స్టేషన్ రోడ్డులోని వేరే దుకాణానికి పోవడం మొదలుపెట్టారు.

లివరు మళ్ళీ తొమ్మిది కిలోలకు వచ్చింది. బాపు మళ్ళీ చెట్ల నీడన ఆగుతున్నాడు. రిజిస్టరు సంగతి పై అధికారి ఇంకోసారి ఎత్తాడు.

నేను మూడు ఆదివారాలు ఇంటికి వచ్చి వెళ్ళాను. బస్సు స్టాపు నుంచి మా ఇంటికి మార్కెట్ గేటు మీదుగానే దారి. మూడుసార్లూ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నడిచాను. నాలుగో ఆదివారం చాచా రోడ్డు మీదికే వచ్చి నిలబడ్డాడు.

"ఫోన్ల ఎవ్వరు లేరని నాకెరుకే. లోపటికి రా బేటా."

బెంచీ అరలోంచి ఒక అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. తెరిచి చూస్తే సిలిండరు లోపలి రబ్బరు. గిన్నెలాగా ఉండవలసింది అంచులు వాచి, మెత్తబడి, పుట్టగొడుగులా ఉంది.

"డబ్బ ఇప్పంగనే తెలిసింది నాకు," అన్నాడు.

"బాపుకు ఎందుకు చెప్పలేదు చాచా?"

"నేనెందుకు చెప్పాలె? నూనె పోసినోడు నువ్వు. చెప్తవేమోనని చూసిన. మూడు ఐతారాలు చూసిన. ఒక్కసారి గూడ ఇటు దిక్కు మొకం తిప్పలే నువ్వు." ఆయన గొంతు పెంచలేదు. "డాక్టర్ సాబ్ తిట్టిండని నాకు బాధ లేదు. చచ్చిన దూడను చేతులతోని తీసినోడు తిట్టకుంట ఏం చేస్తడు? కని నువ్వు ఇక్కడ్నే స్పానర్లు నేర్సినవ్ బేటా."

ఆ అగ్గిపెట్టె జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళాను. సంచిలో వెర్నియర్ ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ముందు నేను చేసింది ఆ రబ్బరును కొలవడం. పద్నాలుగు మిల్లీమీటర్ల గొట్టంలో పట్టవలసిన అంచు పదిహేనుంపావు ఉంది. నోటుబుక్కు తెరిచాను. నాలుగున్నర కిలోల చుట్టూ నేను గీసుకున్న వృత్తం కనిపించింది. ఏమీ రాయకుండా మూసేశాను.

బాపు పెరట్లో పీట మీద కూర్చుని గోరువెచ్చని ఉప్పునీళ్ళ బకెట్‌లో ఎడమచెయ్యి పెట్టుకుని ఉన్నాడు. నేను అగ్గిపెట్టె తెరిచి ఆయన ముందు పెట్టి, జరిగింది చెప్పాను. అంతా అయ్యాక, "ఎప్పటి సంది ఎరుక నీకు?" అని అడిగాడు.

"నువ్వు ఫోన్ చేసిన దినమే."

"అంటె నేను ఉస్తాద్ మీద లేవకముందే."

"అవును."

ఆయన చెయ్యి బకెట్ లోంచి తీసి, టవలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. దండెం మీది అంగీ తొడుక్కున్నాడు. "నడువ్," అన్నాడు.

మార్కెట్ గేటు దాకా ఇద్దరం నడిచాం. చాచా ఒక మోపెడ్ టైరు విప్పుతున్నాడు. బాపు ఆయన ముందు నిలబడి, "ఉస్తాద్, గా దినం నేను మొత్తుకున్నప్పుడు గీడ ఎంతమంది ఉండిరి?" అన్నాడు.

"ఎవడు లెక్కవెట్టిండు సాబ్, పోనియ్."

"పోనియ్యలేను." బాపు చాయ్ దుకాణం వైపు తిరిగాడు. "గా గ్లాసులు పట్టుకొని జర ఇటు రాండ్రి. వీడు మీకో మాట చెప్తడంట."

వాళ్ళు వచ్చారు. అదే హమాలీలు, అదే చాయ్ పోసే ఆయన. నేను మొదలుపెట్టాను. సీలు రబ్బరు రకానికీ మినరల్ ఆయిల్‌కూ పొసగదని, దాని వల్ల రిటర్న్ పోర్టు మూసుకుపోతుందని ఏదో అంటున్నాను.

"తెలుగుల చెప్పు ఇంజినీరూ. గిది నీ క్లాసు కాదు," అన్నాడు చాయ్ పోసే ఆయన. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"తప్పు నూనె పోసిన," అన్నాను. "చాచా వద్దన్నడు. నేనే పోసిన. జోడు వైరు ఉంచుమంటె నేనే తీసేసిన. బండి ఆగినంక, చాచా బోల్టు బిగించలేదని బాపుకు అబద్ధం చెప్పిన."

అయిదు వాక్యాలు. వేలిముద్ర వేసిన కాగితంలాగా అవి అక్కడే ఉండిపోయాయి. ఒక హమాలీ గ్లాసు ఊడ్చి తాగి, నా ముఖంలోకి చూడకుండా వెళ్ళిపోయాడు. బాపు చాచా రెండు చేతులూ పట్టుకున్నాడు. చాచా చేతులకు గ్రీజు ఉంది. "తప్పైంది ఉస్తాద్," అన్నాడు బాపు. నా తప్పుకు ఆయన అన్నాడు. తండ్రి అట్లా ఒకరి చేతులు పట్టుకుని నిలబడితే చూడవలసి రావడం కంటే, ఆయన నన్ను అక్కడే చెంప మీద కొట్టి ఉంటే నయమనిపించింది.

చాచా చేతులు విడిపించుకుని, "సాబ్ చెయ్యి ఇంక గట్లనే ఉన్నది గద. డబ్బ నా దగ్గరే ఉన్నది. కొత్త రబ్బర్లు తీస్కరా బేటా, మళ్ళ కడుదాం. ఈసారి నూనె నేను పోస్త," అన్నాడు.

మరుసటి ఆదివారం కట్టాం. పాత నూనె చుక్క కూడా మిగలకుండా పైపును, సిలిండర్లను రెండుసార్లు బ్రేకు నూనెతోనే కడిగాడు. నేను స్పానర్లు పట్టుకుని, అడిగినప్పుడు అడిగింది అందించాను. జోడు వైరును ఆయన పైపు పొడుగునా గుడ్డపేలికలతో కట్టాడు, పాత లివరును డిక్కీలో పెట్టాడు. కాటా నేను తీసుకెళ్ళలేదు. బాపు రెండు వేళ్ళతో నొక్కి చూసుకుని, "మంచిగున్నది," అన్నాడు. ఎవరికీ చూపించలేదు. ఎవరు చేశారో చెప్పలేదు.

అప్పటి నుంచి ఆ క్లచ్ పని చేస్తూనే ఉంది. రిజిస్టరు మాట మళ్ళీ రాలేదు. బాపు తండాలన్నీ తిరుగుతున్నాడు, ఒక్కటి తప్ప. ఆ సంగతి నాకు ఆయనతో పాటు వెనక కూర్చుని వెళ్ళిన రోజు తెలిసింది. ఎర్రమట్టి బాట చీలే చోట బండి నెమ్మది చేశాడు, అటు చూశాడు, ముందుకే పోనిచ్చాడు. అక్కడివాళ్ళు ఇప్పుడు వేరే మనిషిని పిలుస్తున్నారని అమ్మ చెప్పింది.

వారం ఆగి నేనొక్కణ్ణే ఆటో దిగి ఆ తండాకు నడిచాను. నాలుగు కిలోమీటర్లు. ఎత్తు ఎక్కడ మొదలవుతుందో చూశాను. ఆ బర్రె యజమాని పెద్దావిడ. కోడలితో వాళ్ళ భాషలో ఏదో చెప్పి నాకు చెంబుతో నీళ్ళిప్పించింది. నేను ఎవరి కొడుకునో చెప్పి, బండి ఎందుకు ఆగిందో చెప్పాను.

"నూనెనా? బండికి నూనె అయిపోయిందా?"

"అయిపోలేదు అవ్వా. పోయకూడని నూనె పోసిన నేను."

ఆమె నా చేతిలోని చెంబు తీసుకుని పక్కన పెట్టింది. "నేను బండి సప్పుడు ఇనవడ్తదని చెవులు అటే వెట్టి కూసున్న బిడ్డా. సప్పుడు రాలే. మనిషే వచ్చిండు, బురద కొట్టుకొని. చేతులు రెండు గడగడ వణుకుడే. లోపట చెయ్యి వెట్టి దూడ తల తిప్పబోయిండు, పట్టు చాలలే. తాడు గూడ కట్ట చాతగాలె. మా కోడలు కట్టింది. అప్పటిదాక కదులుతనే ఉండె అది."

దూడ ఆయన చేరే సమయానికి బతికే ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

"మరి బాపును ఎందుకు పిలుస్తలేరు అవ్వా?"

"కోపంతోని కాదు. దూడ పోయినంక గాయన చేతులు చూసుకుంట గా కొట్టంల కూసున్నడు, శానాసేపు. మళ్ళ పిలిస్తె నాకు గదే యాదికొస్తది." కొట్టం వైపు చూపించింది. "ఇంకోటి సూడిది ఉన్నది. దీనికి ఎవలను పిలువాలెనో, ఏమో."

ఇంటికి వచ్చేసరికి బాపు వాకిట్లో బండి తుడుస్తున్నాడు. ఎక్కడికి పోయి వచ్చానో చెప్పాను. గుడ్డ ఆపకుండానే, "చేతుల సంగతి చెప్పిందా?" అన్నాడు.

"చెప్పింది."

"ఎవ్వరికి చెప్పద్దన్న గద ఆమెకు." గుడ్డను ట్యాంకు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి ఇంకోసారి లాగాడు. నేను మాట కోసం వెతికి, "ఇంకో బర్రె సూడిది ఉన్నదట," అన్నాను.

బాపు తలెత్తాడు. "ఎన్నో నెలనట?"

నేను బాటలో ఆ ఎత్తు ఎంత దూరం ఉందో అంచనా కట్టాను, దారిలో గుంతలు లెక్కపెట్టాను, నా తప్పును వరస తప్పకుండా ఆమెకు అప్పజెప్పి వచ్చాను. అది మాత్రం అడగలేదు.

"అడగలే," అన్నాను.

"గదే అడగాలె గదరా," అన్నాడు బాపు. గుడ్డ మడిచి సీటు కింద పెట్టి, జోడు వైరు కట్లు ఒక్కొక్కటీ లాగి చూసుకున్నాడు. మర్నాడు పొద్దున నేను భూపాలపల్లి బస్సు కోసం సంచి సర్దుకుంటుంటే, బండి చప్పుడు గూడూరు రోడ్డు వైపు పోవడం వినిపించింది.